ఒకటో తరగతిలో ఈ వారం గుణింతం, 11 నుంచి 20 అంకెలు: ఇంట్లో ఎలా చేయించాలి

డైరీలో "క గుణింతం చదివి రావాలి, 11 నుంచి 20 రాయాలి" అని వచ్చిన వారం తల్లిదండ్రులు అడిగేది దాదాపు ఒకటే. పిల్ల క, కా, కి, కీ గడగడా అప్పజెబుతోంది, పుస్తకంలో మధ్యనున్న "కీ" మీద వేలుపెట్టి ఇదేంటమ్మా అంటే మాత్రం మళ్లీ మొదటినుంచి అందుకుంటోంది. అంకెలూ అంతే. ఇరవై దాకా ఆగకుండా చెప్పే పిల్లాడు "పదిహేను రాయి" అనగానే దిక్కులు చూస్తాడు.

పిల్లలకు తెలివి తక్కువై ఇలా జరగదు. వాళ్లు నేర్చుకున్నది వరస, గుర్తు కాదు. "కకు దీర్ఘమిస్తే కా, కకు గుడిస్తే కి" అని పాటలా నోటికి వచ్చేసింది, ఆ దీర్ఘం ఏదో ఆ గుడి ఏదో కంటికి ఇంకా పట్టుబడలేదు. అందుకని ఈ వారం ఇంట్లో చేయించే ప్రతి పనికీ ఒకే నియమం పెట్టుకోండి: వరస తప్పించి అడగాలి. బడిలో టీచరు వరస చెప్పిస్తారు, అది అక్కడ జరగనివ్వండి. ఇంటి దగ్గర మళ్లీ అదే వల్లె వేయించొద్దు.

ఇంకో మాట. బడిలో క గుణింతం మొత్తం కః దాకా ఒకేసారి ఇచ్చేసి ఉండొచ్చు. ఇంట్లో మాత్రం తలకట్టు, దీర్ఘం, గుడి, గుడి దీర్ఘం, ఈ నాలుగే తీసుకోండి. ఒక్క అక్షరానికి అన్ని గుర్తులు నేర్పడం కన్నా, నాలుగు గుర్తుల్ని పది అక్షరాల మీద పెట్టి చదివిస్తే పిల్లలు త్వరగా మాటల్లోకి వస్తారు. కౄ, కః లాంటివి ఒకటో తరగతి పిల్లల మాటల్లో కనిపించేదే తక్కువ, వాటి కోసం ఈ వారం ఏడిపించకండి.

కావలసినవి

ఇంట్లో ఉన్నవాటితోనే సరిపోతుంది.

- పాత శుభలేఖలు నాలుగైదు. అట్ట మందంగా ఉంటుంది, వెనకవైపు ఖాళీగా ఉంటుంది. లేకపోతే పాత క్యాలెండరు కాగితం వెనకవైపు వాడుకోవచ్చు, కాకపోతే త్వరగా నలుగుతుంది.
- నల్ల స్కెచ్ పెన్ను ఒకటి, ఎర్రది ఒకటి.
- పలక, బలపం లేదా సుద్దముక్క.
- చీపురు పుల్లలు 20. వేలెడు పొడవున కత్తిరించి, కొసలు గుచ్చుకోకుండా నేలమీద రుద్ది ఉంచండి.
- రబ్బరు బ్యాండ్లు 2.
- ఒక పది రూపాయల నోటు, పది రూపాయి బిళ్లలు.

పుల్లల బదులు చింతగింజలు వాడొచ్చు. ఇంట్లో మూడేళ్లలోపు చంటిపిల్ల ఉంటే మాత్రం వద్దు, ముక్కులోనో నోట్లోనో పెట్టుకుంటారు. బిళ్లలు కూడా పని అవగానే డబ్బాలో వేసి పైన పెట్టేయండి. అగ్గిపుల్లలైతే మందు తల తుంచేసి ఇవ్వండి.

బలపం తినే అలవాటున్న పిల్లలకు పలక బదులు కాగితం, పెన్సిల్ ఇవ్వండి. ఊరికే తిట్టి వదిలేయొద్దు. రక్తం తక్కువగా ఉన్న పిల్లల్లో మట్టి, బలపం లాంటివి తినే అలవాటు కనిపిస్తుంటుంది, పిల్లల డాక్టరుకు చూపించాలి.

సమయం రోజుకు ఇరవై నిమిషాలు చాలు. తెలుగుకు పది, అంకెలకు ఏడు, మిగిలినవి ఇంగ్లీషుకు. బడి నుంచి రాగానే కూర్చోబెట్టకండి. ఏదైనా తిని, ఓ అరగంట ఆడుకున్నాక మొదలుపెట్టండి. ట్యూషన్ కూడా ఉన్న పిల్లలకైతే పది నిమిషాలకే ఆపండి.

1. ముందు ఎక్కడున్నారో చూడండి

సోమవారం డైరీ ఒక్కటే చూసి మొదలుపెట్టొద్దు, నోట్‌బుక్కు తెరవండి. డైరీలో ఉండేది క్లాసులో చెప్పింది. పిల్లకు ఎంత వచ్చిందో నోట్‌బుక్కులో తెలుస్తుంది. బోర్డు మీదనుంచి దించుకున్న పేజీలో అక్షరాలు ముద్దుగా ఉండి, సొంతంగా రాసిన పేజీలో గజిబిజిగా ఉంటే అది చూసి గీయడమే, రాయడం ఇంకా రాలేదని అర్థం.

తర్వాత రెండు నిమిషాల పరీక్ష పెట్టండి. కాగితం మీద ర, త, క, న, వ, డ, గ, స, చ, ద ఇలా కలగాపులగంగా రాసి చదవమనండి. పదిలో ఎనిమిది ఆలోచించకుండా చెబితే గుణింతానికి సిద్ధం. ఐదారు దగ్గరే ఆగిపోతే ఈ వారం గుణింతం పక్కనపెట్టి ఆ అక్షరాలే చేయించండి, టీచరుకు ఆ మాట చెప్పండి. అక్షరమే తెలియని చోట గుడి పెట్టినా దీర్ఘం పెట్టినా నిలవదు.

అక్షరాల్లో తడబాటు ఎక్కువగా ప–వ–మ, ద–డ–ధ, బ–భ, ర–ఠ దగ్గర వస్తుంది. ఈ జంటల్ని ఒకేరోజు పక్కపక్కన పెట్టి నేర్పకండి. ఒకటి గట్టిపడ్డాక రెండోది తేవాలి.

2. తలకట్టు తీసి గుర్తు పెట్టండి

వారం మొత్తంలో ఎక్కువ ఫలితమిచ్చేది ఇదే, తొందరపడొద్దు.

శుభలేఖ అట్టల్ని అరచేతిలో పట్టేంత చదరంగా పది ముక్కలు చేయండి. వాటి మీద పైన చెప్పిన పది అక్షరాలూ నల్ల పెన్నుతో రాయండి, తలకట్టు మాత్రం పెట్టకండి. పైన కాస్త జాగా వదలండి. ఆ పైజాగాలో పట్టేంత చిన్న ముక్కలు నాలుగు కత్తిరించి, ఎర్ర పెన్నుతో ఒకదాని మీద తలకట్టు, ఒకదాని మీద దీర్ఘం, ఒకదాని మీద గుడి, ఒకదాని మీద గుడి దీర్ఘం వేయండి.

ఇప్పుడు ర అక్షరం ముక్క పిల్ల ముందు పెట్టి, దాని నెత్తిన తలకట్టు ముక్క పెట్టి "ర" అని చదివించండి. తలకట్టు తీసేయమనండి. దాని స్థానంలో దీర్ఘం పెట్టమనండి: రా. దీర్ఘం తీసి గుడి: రి. గుడి తీసి గుడి దీర్ఘం: రీ. తీయడం, పెట్టడం రెండూ పిల్ల చేతులతోనే జరగాలి. మీరు పెట్టి చూపిస్తే సగం ఫలితం పోతుంది.

తలకట్టు తీసేస్తేనే ఇంకో గుర్తుకు చోటు అన్న సంగతి చేతికి తెలియాలి. నోట్‌బుక్కుల్లో కనిపించే పెద్ద తప్పు ఇక్కడే పుడుతుంది. పిల్లలు ముందు క పూర్తిగా, తలకట్టుతో సహా రాసేస్తారు. ఆ తర్వాత గుడి అని గుర్తొచ్చి దాని మీద గుండ్రం చుడతారు. అప్పుడు తలకట్టు గుడి లోపల ఇరుక్కుపోయి అక్షరం ఏదో తెలియకుండా పోతుంది. దిద్దేటప్పుడు "తప్పు" అని కొట్టేయకుండా, "నెత్తిమీద ఎన్ని ఉన్నాయి?" అని అడగండి. రెండు అని వాళ్లే చెబుతారు, ఒకటి వాళ్లే చెరిపేస్తారు.

మొదటి రోజు తలకట్టు, దీర్ఘం చాలు. రెండో రోజు గుడి కలపండి. గుడి దీర్ఘం మూడో రోజు. ముక్కలు మారుస్తూ వరస తప్పించండి: రి, కా, తీ, న, గా, డి.

బ, ల, జ, ట అక్షరాలకు అసలు తలకట్టే లేదు. వాటిని నాలుగో రోజు తెచ్చి, "వీటి నెత్తిన తీసేందుకు ఏమీ లేదు, గుర్తు నేరుగా పెట్టేయడమే" అని చెప్పండి. లేకపోతే పిల్లలు ల మీద, బ మీద కూడా తలకట్టు గీకేస్తారు. మ, య, హ మీద గుర్తులు కూర్చునే తీరు కొంచెం వేరుగా ఉంటుంది. మి, మీ, హా ఎలా ఉంటాయో ముక్కలు పెట్టి చూపించడం కుదరదు, పాఠ్యపుస్తకంలోని అచ్చు చూపించి, దాని మీద వేలితో దిద్దించండి.

3. చెవికి పట్టించండి

కి, కీ మధ్య తేడా కంటికి తెలిసినా చెవికి తెలియని పిల్లలు ఉంటారు. డిక్టేషన్‌లో దీర్ఘాలు ఎగిరిపోయేది అందుకే. దీనికి పుస్తకం అక్కర్లేదు, వంటింట్లో పని చేసుకుంటూ కూడా చేయించవచ్చు.

మీరు ఒక మాట అనండి. పొట్టిగా పలికితే పిల్ల ఒక చప్పట, సాగదీస్తే చెయ్యి పక్కకు చాపాలి. జడ – జాడ, పట – పాట, పడి – పాడి, విడి – వీడి. ఈ నాలుగు జంటలు చాలు. మీరు పలికేటప్పుడు నటించొద్దు, ఇంట్లో ఎప్పుడూ మాట్లాడినట్టే పలకండి. అతిగా సాగదీసి "పాఆఆట" అంటే ఇంట్లో వస్తుంది, క్లాసులో టీచరు మామూలుగా పలికితే రాదు.

ఎన్నిసార్లు చెప్పినా తేడా పట్టలేకపోతుంటే, టీవీ దగ్గరకు జరిగి కూర్చోవడం, పిలిస్తే పలకకపోవడం లాంటివి కూడా ఉన్నాయేమో గమనించండి. జలుబు చేసి చెవులు మూసుకుపోయిన రోజుల్లో కూడా ఇలా అవుతుంది. అవసరమైతే చెవి డాక్టరుకు చూపించండి.

4. మాటలు చదివించండి

రెండో రోజు నుంచే మాటల్లోకి దిగండి, గుణింతం మొత్తం వచ్చాక చూద్దాం అని ఆగొద్దు. కింద ఉన్నవన్నీ ఈ నాలుగు గుర్తులతోనే చదవగలిగేవి, ఒత్తులు లేనివి.

గుర్తు లేనివి: పలక, జడ, పడవ, అటక, గడప, పనస.
దీర్ఘంతో: తాత, బావ, వాన, పాట, జామకాయ, కాకరకాయ.
గుడితో: బడి, కాకి, గాలి, నది, బావి, చిలక, అరటి.
గుడి దీర్ఘంతో: చీమ, వీధి, పీట, తీగ, నీడ, సీసా.
కలిసినవి: కిటికీ, చీకటి.

రోజుకు ఏడెనిమిది మాటలు చాలు. ఒక్కో మాట ఒక్కో ముక్క మీద పెద్దగా రాయండి. ప్రతి అక్షరం కింద వేలు పెట్టి "కా… కి" అని విడివిడిగా, వెంటనే "కాకి" అని కలిపి చదవాలి. విడివిడిగా చదివి కలపలేకపోతే మధ్యలో విరామం తగ్గించి మీరు ఒకసారి చదవండి, ఆ వెంటనే వాళ్లతో చదివించండి. మూడు సార్లకు రాకపోతే ఆ ముక్క పక్కన పెట్టేసి మర్నాడు చూడండి.

పక్కన బొమ్మ ఉన్న చార్టుతో చదివిస్తున్నారా? బొమ్మ మీద చెయ్యి అడ్డం పెట్టండి. చిలక బొమ్మ చూసి "చిలక" అనడం చదవడం కాదు. అంతకంటే చిత్రమైన పొరపాటు ఇంకోటి ఉంది: "చిలక" బదులు "రామచిలక" అని, "జామకాయ" బదులు "జామపండు" అని పిల్లలు చదివేస్తుంటారు. మొదటి అక్షరమో బొమ్మో చూసి ఊహించారన్నమాట. అలా చదివినప్పుడు తిట్టకుండా "ఆ మాటలో చివర ఏముంది, వేలు పెట్టి చూపించు" అనండి.

5. ఊళ్లో ఉన్న అక్షరాలు వాడుకోండి

పుస్తకం ఎత్తగానే మొహం తిప్పుకునే పిల్లలు కూడా బస్సు బోర్డు దగ్గర హుషారుగా చదువుతారు. "విజయవాడ" అన్న మాటలో ఉన్నవి తలకట్టు, దీర్ఘం, గుడి మాత్రమే. అంటే మూడో రోజుకల్లా పిల్ల ఆ పేరు చదివేయగలదు. "అమరావతి" కూడా అంతే. "చీరాల"కు గుడి దీర్ఘం కావాలి, మూడో రోజు అదీ వచ్చేస్తుంది. విజయవాడలో ఉన్నవాళ్లకు "పటమట" అయితే ఏ గుర్తూ లేని మాట, మొదటిరోజే చదివించవచ్చు. గుంటూరు పిల్లలు సొంత ఊరి పేరు చదవాలంటే కొమ్ములు, సున్నా వచ్చేదాకా ఆగాలి. ఈలోగా వాళ్లకు "కాకాని" రోడ్డు ఉంది: రెండు దీర్ఘాలు, ఒక గుడి.

ఎదురుగా వచ్చే బస్సు బోర్డు చదివించబోకండి, చదివేలోపే వెళ్లిపోతుంది, పిల్లకు ఉక్రోషం వస్తుంది. బస్టాండులో ప్లాట్‌ఫాం దగ్గర ఆగి ఉన్న బస్సు, షాపు బోర్డు, మైలురాయి మంచివి. బోర్డుల్లో అక్షరాలు అలంకారంగా వంకర్లు తిరిగి ఉంటే వదిలేయండి. ఒత్తులున్న మాట వస్తే మీరే చదివి చెప్పేసి ముందుకు వెళ్లండి, "ఇది నీకు ఇంకా చెప్పలేదులే" అంటే చాలు. రోడ్డు పక్కన నిలబడ్డప్పుడు పిల్ల చెయ్యి మీ చేతిలోనే ఉండాలి. అక్షరం కనిపిస్తే చాలు, చెయ్యి విడిపించుకుని పరిగెత్తే వయసు.

6. రాయించేటప్పుడు

ముందు పలక మీద, తర్వాత నోట్‌బుక్కులో. పలక మీద తప్పు చెరిగిపోతుంది, భయం ఉండదు. పలక మీద రాసిన దాన్ని తడిచేత్తో కాకుండా గుడ్డతో తుడిపించండి. తడి పలక మీద బలపం పట్టదు, పిల్లలు గట్టిగా నొక్కి చెయ్యి నొప్పి తెచ్చుకుంటారు.

ఒక్కో మాటా రెండుసార్లకు మించి రాయించకండి. పేజీ నిండా "కా కా కా" రాయిస్తే మూడో వరసకే అక్షరం పాడవడం మొదలవుతుంది, పాడైన రూపమే చేతికి అలవాటవుతుంది. బడి హోంవర్కులో పేజీ నిండా రాయమని ఇచ్చి ఉంటే మధ్యలో రెండుసార్లు లేపి తిప్పండి.

పెన్సిల్ బొటనవేలు, చూపుడువేలు మధ్య నిలిచి, మధ్యవేలి మీద ఆనాలి. పిడికిలి బిగించి పట్టే పిల్లలకు అరవేలంత పొట్టి పెన్సిల్ ఇచ్చి చూడండి. పిడికిట్లో పట్టుకోవడానికి చోటు ఉండదు కాబట్టి వేళ్లతోనే పట్టుకుంటారు.

డిక్టేషన్ రోజుకు నాలుగు మాటలు. చదవగలిగిన మాటలే చెప్పండి. రాసినది చూసి దిద్దేటప్పుడు ఏ మాటలో తప్పు ఉందో మాత్రమే చెప్పండి, తప్పు ఎక్కడో వాళ్లను వెతకనివ్వండి. "చికటి" అని రాసిందనుకోండి, మీరు "చీకటి" అని మామూలుగా పలికి ఊరుకోండి. చాలామంది పిల్లలు వాళ్లే దీర్ఘం పెట్టేస్తారు.

7. పదికి ఒక కట్ట

ఇక అంకెలు. 11 నుంచి 20 మధ్య తెలుసుకోవలసింది ఒకటే: పది విడి పుల్లలు కలిస్తే ఒక కట్ట, దాని పక్కన మిగిలినవి విడి.

పదమూడు పుల్లలు కుప్పగా పోయండి. లెక్కపెట్టమనండి. ఎలా లెక్కపెడుతున్నారో చూడండి: ఒక్కో పుల్లనూ పక్కకు జరుపుతూ ఒక్కో అంకె అంటే సరే. వేలు గాల్లో తిప్పుతూ గబగబా చెబితే ఒకటి రెండుసార్లు లెక్కకొస్తుంది, ఇంకోటి తప్పిపోతుంది. అప్పుడు "జరిపి లెక్కపెట్టు" అని చెప్పండి. పది రాగానే ఆపి రబ్బరు బ్యాండు వేయించండి. కట్ట ఎడమవైపు, మూడు విడి పుల్లలు కుడివైపు. "ఒక పది, మూడు. పదమూడు." అదే పద్ధతిలో 11, 16, 18, 12, 20. మళ్లీ చెబుతున్నాం, వరసలో వద్దు. 20కి రెండు కట్టలు, విడివి ఏమీ లేవు, అందుకే కుడివైపు సున్నా.

మర్నాడు పుల్లల బదులు పది రూపాయల నోటు, రూపాయి బిళ్లలు. "పద్నాలుగు రూపాయలు ఇవ్వు" అంటే నోటు ఒకటి, బిళ్లలు నాలుగు. బిళ్లలు పదీ ఇచ్చేసి మిగతా నాలుగు కోసం వెతుకుతుంటే పది బిళ్లలకు ఒక నోటు మార్చుకోవడం రెండుమూడు సార్లు ఆడించండి.

ఇంగ్లీషు మీడియం పిల్లలకు ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. తెలుగులో పదమూడు, పదహారు అంటే పది ముందు వినిపిస్తుంది. ఇంగ్లీషులో "ఫోర్‌టీన్" అనగానే ముందు వినిపించేది నాలుగు, అందుకని 41 రాసేస్తారు. "థర్టీన్"కీ "థర్టీ"కీ కూడా తడబడతారు. అలాంటప్పుడు ముందు తెలుగులో "పది, నాలుగు" అనిపించి, కట్ట చూపించి, ఆ తర్వాత ఇంగ్లీషు పేరు చెప్పండి. పన్నెండు, పందొమ్మిది రెండు భాషల్లోనూ కష్టమే, వాటిని రోజూ అడగండి.

8. పద్నాలుగుకు 104 రాస్తే

చాలా ఇళ్లలో ఈ తప్పు చూసి కంగారుపడతారు. పిల్ల మాత్రం విన్నదే రాస్తోంది: పది అన్నారు 10 రాసింది, నాలుగు అన్నారు 4 రాసింది.

మందలించి లాభం లేదు, ఇలా చేయండి. రెండంగుళాల వెడల్పు, నాలుగంగుళాల పొడవున్న ముక్క మీద 10 రాయండి, ఒక్కో అంకె సగం సగం జాగా తీసుకునేట్టు. రెండంగుళాల చదరపు ముక్కలు తొమ్మిది తీసుకుని 1 నుంచి 9 రాయండి. పద్నాలుగు కావాలంటే 4 ముక్కను 10లోని సున్నా మీద కప్పాలి. కనిపించేది 14. ముక్క ఎత్తి చూస్తే సున్నా కిందే ఉంది. ఆ ఎత్తడం, కప్పడం పిల్లతో నాలుగైదుసార్లు చేయించండి. ఇది చేసిన పిల్లల్లో 104 చాలావరకు రెండుమూడు రోజుల్లో పోతుంది.

3, 6, 9 అంకెల్ని తిరగేసి రాయడం ఈ వయసులో మామూలు. ఏడేళ్లు వచ్చేసరికి చాలామందిలో దానంతటదే సర్దుకుంటుంది. గళ్ల పుస్తకంలో ఎక్కడ మొదలుపెట్టాలో చుక్క పెట్టి ఇవ్వండి, అంతే.

9. ముందుకు లెక్క

శుక్రవారానికి ఇది చేయించండి. పదకొండు పుల్లలు (ఒక కట్ట, ఒక విడి) పెట్టి, ఇంకో రెండు చేర్చి మొత్తం ఎన్ని అని అడగండి. మళ్లీ ఒకటి నుంచి లెక్కపెడితే కట్టను చెయ్యి పెట్టి మూసి "ఇవి పది, తెలుసుగా. ఇక్కడినుంచి చెప్పు" అనండి. పదకొండు, పన్నెండు, పదమూడు అని అందుకుంటే ఈ వారం అంకెల పని అయినట్టే. పక్కింటి పిల్లాడు వంద దాకా చెబుతున్నాడని తొందరపెట్టొద్దు. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు రావాలని కేంద్ర ప్రభుత్వం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం కూడా ఒకటో తరగతి పూర్తయ్యేసరికి 99 వరకు అంకెలు చదివి రాయడం, చిన్నచిన్న కూడికలు తీసివేతలు, నాలుగైదు తేలిక మాటలున్న వాక్యం చదవడమే లక్ష్యంగా పెట్టుకుంది. ఏడాది చేతిలో ఉంది.

10. ఇంగ్లీషు, క్లుప్తంగా

ఈ వారం డైరీలో మూడక్షరాల మాటలు ఉంటే స్పెల్లింగ్ వల్లె వేయించకుండా శబ్దాలు కలిపించండి: క్, యా, ట్ – క్యాట్. రోజుకు మూడు మాటలు, చివరి శబ్దం ఒకటిగా ఉండేవి: క్యాట్, మ్యాట్, ర్యాట్.

చిన్న బీ, చిన్న డీ తారుమారైతే రెండు చేతులూ పిడికిలి బిగించి, పిడికిళ్లు ఎదురెదురుగా ఆనించి, బొటనవేళ్లు పైకి నిలబెట్టమనండి. ఎడమ చెయ్యి బీ, కుడి చెయ్యి డీ, రెండూ కలిసి మంచం ఆకారం. "బెడ్" అన్న మాట మొదలు బీ, చివర డీ. పరీక్షలో కూడా బల్ల కింద చేతులు పెట్టి చూసుకోవచ్చు.

11. శనివారం చూసుకోవలసింది

పది నిమిషాల పని. పరీక్ష అని పేరు పెట్టకండి.

ముందు అర్థం లేని మాటలు నాలుగు రాసి చదివించండి: డాతి, లీకా, బినా, గీవి. ఇవి ఎక్కడా విననివి కాబట్టి ఊహించడానికి వీల్లేదు. నాలుగులో మూడు సరిగా చదివితే గుర్తులు నిజంగా వచ్చాయి. తర్వాత కిటికీ, చీకటి, జామకాయ డిక్టేషన్ ఇవ్వండి. కిటికీలో మొదటిది గుడి, చివరిది గుడి దీర్ఘం. ఆ రెండూ సరిగా పెడితే చెవి, చెయ్యి రెండూ కుదిరాయి. అంకెల్లో మూడు అడగండి: పుల్లల్లోంచి పదహారు ఇవ్వమనడం, 19 చూపించి చదవమనడం, పన్నెండు రాయమనడం.

తెలుగులో తప్పినవి ఏ గుర్తు దగ్గరో రాసిపెట్టుకోండి. గుడి, గుడి దీర్ఘం దగ్గరే తప్పుతుంటే మూడో మెట్టు, అక్షరమే తప్పుతుంటే ఒకటో మెట్టు, విడిగా వచ్చి కలపడం రాకపోతే నాలుగో మెట్టు మళ్లీ చేయించాలి. మొత్తం మళ్లీ మొదటినుంచి అక్కర్లేదు.

బోర్డు మీదనుంచి దించుకున్న దాంట్లోనే తప్పులు ఎక్కువ ఉండి, పక్కనున్న పుస్తకంలోంచి రాస్తే సరిగా వస్తుంటే కళ్లు పరీక్ష చేయించండి. ఈలోగా ముందు బెంచీలో కూర్చోబెట్టమని టీచరును అడగండి. టీచరుతో మాట్లాడేటప్పుడు "మా పిల్లకు రావట్లేదు" అనే బదులు "గుడి వస్తోంది, గుడి దీర్ఘం దగ్గర తడబడుతోంది" అని చెబితే వాళ్లకూ ఏం చేయాలో తెలుస్తుంది.

సోమవారానికి క్లాసు కొమ్ముల్లోకి వెళ్లిపోయి, మీ ఇంట్లో గుడి దీర్ఘం ఇంకా కుదరకపోతే రెండూ కలిపి నడపండి. ముందు మూడు నిమిషాలు పాత ముక్కలు, తర్వాత ఏడు నిమిషాలు కొమ్ము. అక్షరాల ముక్కలు అవే పనికొస్తాయి. అయితే కొమ్ముకు కొత్త ముక్క కత్తిరించేటప్పుడు గుర్తుంచుకోండి, తలకట్టును తీసేయకూడదు. కు, గు, తు రాసేటప్పుడు తలకట్టు నెత్తినే ఉంటుంది, కొమ్ము పక్కన వచ్చి చేరుతుంది. పోయిన వారం "తీసేయ్" అని చెప్పి ఈ వారం "ఉంచు" అంటున్నామని పిల్లకు ముందే చెప్పి, ముక్కలతో రెండూ చూపించండి. పు, వు దగ్గర కొమ్ము కిందికి దిగి ఉంటుంది, లేకపోతే వు చూడటానికి మలాగే అయిపోతుంది. ఆ రెంటినీ వారం చివరకు పెట్టుకోండి.